మాఫీ కోడి

నా చదువు అప్పు మాఫీ అయిపోయిందని మా ఇంట్లో అమ్మోరికి కోడిని కోశాం. అదేమన్నా ఊరికే తిరిగే పుంజా అంటే కాదు, గుడ్లు పెడుతున్న పెట్ట. పులుసు పెట్టి, గారెలు వేసి, మేనత్తగారింటికి ఒక గిన్నె పంపించి, మిగిలింది అమ్మా, చెల్లీ, నేనూ రెండు పూటలా తిన్నాం. అంతా బాగానే జరిగింది. మాఫీ ఒక్కటే జరగలేదు.

మాది పలాస నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఉద్దానం పల్లె. నాన్న నేను ఇంటర్ చదువుతుండగా కిడ్నీలు పాడై చనిపోయాడు. అప్పటికే అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేది. అక్కడ ఆమె పని జీడిగింజలు, మా మాటలో పిక్కలు, కోయడం. ఒక చేత్తో పిక్కను కత్తి కింద పెట్టాలి, రెండో చేత్తో పిడి నొక్కాలి. పిక్క రెండుగా విడుతుంది, పప్పు బయటపడుతుంది, తొక్కలో ఉండే నల్లటి సొన వేళ్ళకు అంటుకుంటుంది. బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా అది చర్మాన్ని తినేస్తూనే ఉంటుంది. అమ్మ చేతులు నల్లగా ఉంటాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రంగే అలాంటిదేమో అనుకునేదాన్ని.

టెక్కలిలో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు అమ్మ, నేను కలిసి బ్యాంకులో విద్యారుణం తీసుకున్నాం. అప్పు నా పేరు మీద, పూచీ అమ్మది. అమ్మకు సంతకం వచ్చు. రాత్రి బడిలో నేర్చుకుంది. కాగితం మీద సగం జాగా ఆక్రమించేలా, ఒక్కో అక్షరాన్నీ కూర్చోబెట్టి మరీ పెట్టింది. నాలుగేళ్ళు రోజూ బస్సులో నిలబడి వెళ్ళి చదువుకున్నాను. చదువు అయిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చింది.

ఆ తుఫాను గురించి ఉద్దానంలో ఎవరినడిగినా ఒక పూట చెబుతారు, నేను చెప్పను. మాకున్న పదకొండు కొబ్బరి చెట్లలో తొమ్మిది పడిపోయాయి, అంతే. పడిన చెట్లు లెక్క రాసుకోవడానికి అధికారులు వచ్చారు. వాళ్ళ వెనకే బ్యాంకు వాళ్ళు వచ్చి, బడి అరుగు మీద కూర్చుని, ఈ ఏడాది ఎవరూ వాయిదాలు కట్టక్కర్లేదు, అప్పులన్నీ ఆపాం అని చెప్పారు. చెప్పింది అంతే. కానీ మా ఊళ్ళో తుఫాను తర్వాత బ్యాంకు మనిషి వచ్చి ఆపాం అన్నాడంటే అర్థం ఒక్కటే. అంతకుముందు పంట అప్పులు అలాగే మొదట ఆగాయి, తర్వాత పోయాయి. ఒకసారి ఆపిన డబ్బు మళ్ళీ ఎవరు అడుగుతారని అందరూ అనుకున్నారు. అమ్మ బియ్యం వరసలో నిలబడే ఈ మాట విని, అక్కడికక్కడే అమ్మోరికి దణ్ణం పెట్టుకుంది. వారం తిరక్కుండా కోడి తెగింది. విశాఖపట్నంలో ఉద్యోగం కోసం తిరుగుతున్న నేను కూడా ఆ కోడి కోసమే ఊరొచ్చాను.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాను, అప్పు తీరినట్టు ఏదైనా కాగితం ఇస్తారేమో అడుగుదామని. కౌంటరులో ఉన్నాయన నన్ను జాలిగా చూశాడు. అప్పు పోలేదమ్మా, ఆగింది, వడ్డీ మాత్రం ఆగలేదు అన్నాడు. ఇంటికి వచ్చేసరికి అమ్మ మిగిలిన పులుసు వేడి చేసి, నా కోసం దాచిన కాలి ముక్క కంచంలో వేసి, ఎదురుగా కూర్చుంది. ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను? రేపు చెబుతానులే అనుకుని కాలి ముక్క తిన్నాను. రుచిగా కూడా ఉంది.

ఆ రేపు ఆరేళ్ళకు గానీ రాలేదు. విశాఖలో చేరిన కంపెనీ చిన్నది, కరోనా వచ్చి అది మూతపడింది. అప్పుడు మళ్ళీ వాయిదాలు ఆపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వాళ్ళు అడగడం మొదలుపెట్టారు గానీ నాకు కట్టకపోవడం అలవాటైపోయింది. పలాస తిరిగొచ్చి ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర బిల్లులు చేసే పనిలో కుదిరాను. నెలకింత అని దాచుకునేదాన్ని, అప్పు కోసం కాదు, స్కూటీ కోసం. బ్యాంకు నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఇంగ్లీషులో ఏటి రాసినారని అమ్మ అడిగితే, పండక్కి శుభాకాంక్షలు పంపారని చెప్పాను. వాళ్ళకి మనమంటే ఎంత అభిమానమోనని అమ్మ మురిసిపోయింది. ఆ శుభాకాంక్షలన్నీ నా పాత పుస్తకాల పెట్టె అడుగున పేర్చాను. సిగ్గులేని పని. ఇప్పుడు నవ్వుకుంటున్నాను గానీ అప్పట్లో పోస్టు మనిషి సైకిలు బెల్లు వింటే అమ్మకంటే ముందే గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని.

కిందటేడు చెల్లికి శ్రీకాకుళంలో నర్సింగు సీటు వచ్చింది. అది నర్సు అవుతానని ఇప్పుడు అన్నది కాదు. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజుల్లో, సూది నొప్పి తెలియకుండా గుచ్చే నర్సమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ డ్యూటీలో ఉన్న రోజు నాన్న ఇంటికొచ్చి భోజనం బాగా చేసేవాడు. అప్పటికి చెల్లికి ఏడేళ్ళు. ఆ రోజు నుంచి దానికి వేరే ఆలోచన లేదు. ఫీజు కట్టడానికి ఇరవై రోజులు గడువిచ్చారు. అమ్మ ఏమాత్రం కంగారు పడలేదు. పెద్దదానికి ఇచ్చిన బ్యాంకు చిన్నదానికి ఇవ్వదా అని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కాగితాల సంచి చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఆటో స్టాండు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నప్పుడు చెప్పేశాను. మాఫీ కాలేదని, నాకు మర్నాడే తెలుసని, ఆ వచ్చినవి శుభాకాంక్షలు కావని, అన్నీ. తిడుతుందనుకున్నాను. చెంప మీద ఒకటి ఇచ్చినా పడదామని సిద్ధంగానే ఉన్నాను. అమ్మ కాగితాల సంచిని చంకలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి కోడిని తినీసినాం కదే," అంది.

అంతే. కాశీబుగ్గలో ఆటో దిగి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అప్పుడంది: "అయితే అమ్మోరు మనకి ఒక కోడి బాకీ. పని సెయ్యకుండా తినీసింది."

బ్యాంకులో విద్యారుణాలు చూసే అబ్బాయి కృష్ణా జిల్లా వాడు, మాటకు ముందు అమ్మా, వెనక అమ్మా. అంత మర్యాదగానూ చెప్పిందేమిటంటే, నా ఖాతా మొండి బాకీల్లో ఉన్నంత కాలం మా ఇంటికి ఇంకో రుణం రాదు. పాత వాయిదాల్లో కొంత ఇప్పుడు కట్టి, మిగిలినదానికి కొత్తగా వాయిదాలు రాయించుకుంటే అది దారిన పడుతుంది. అప్పుడు చెల్లి రుణం ఇవ్వొచ్చు. రెండింటికీ అమ్మ వచ్చి వేలిముద్ర వేయాలి.

నా స్కూటీ అక్కడికక్కడే పోయింది. షోరూములో రంగు కూడా చూసి పెట్టుకున్నాను, నెమలికంఠం రంగు. ఇప్పటికీ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వెళుతున్నప్పుడు పక్క నుంచి ఆ రంగు బండి పోతే ముఖం తిప్పేసుకుంటాను. కానీ డబ్బు కట్టి రసీదు తీసుకున్నప్పుడు ఒళ్ళు తేలికైన మాట నిజం. కట్టడం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ముందే కట్టేదాన్ని కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇక అమ్మ వేలు పెట్టడమే తరువాయి అనుకున్నాం.

మర్నాడు చెల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. మిషను మీద అమ్మ కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం. ఎడమది పెట్టింది. ఎర్ర దీపం. ఆ అబ్బాయి తన జేబురుమాలుతో తుడిచాడు, నీళ్ళు తెప్పించి కడిగించాడు, ఒక్కొక్కటిగా పది వేళ్ళూ పెట్టించాడు. పదీ ఎరుపే. వెనక వరసలో వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. చివరికి అతను అమ్మ చెయ్యి వెలుతురు వైపు తిప్పి చూసి, మీ వేళ్ళ మీద గీతలే లేవమ్మా, అరిగిపోయాయి అన్నాడు.

అమ్మ తన చేతుల వంక చూసుకుంది. "మరి ఇయి ఏళ్ళు కాదేటి బాబూ?" అంది.

సంతకం పెడతానంది. చీటీ మీద పెట్టి చూపించింది కూడా. చాలా బాగుందమ్మా అన్నాడు, కానీ మిషను సంతకం చూడదట. పోనీ ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు చెబితే సరిపోతుందన్నాడు. ఆధారుకు కలిపిన ఫోను నాన్నది, ఆ సిమ్ము నాన్నతోనే పోయింది. కొత్త నంబరు కలపాలంటే ఏం కావాలని అడిగాను. వేలిముద్ర కావాలన్నాడు. అక్కడ నాకు తిక్క రేగింది. వేలు ఉంటే గానీ నంబరు ఇవ్వరు, నంబరు ఉంటే వేలు అక్కర్లేదంటారు, ఇదెక్కడి న్యాయమండీ అని గట్టిగానే అరిచాను. పాపం అతనేం చేస్తాడు, నేనేమీ రూలు రాయలేదమ్మా అన్నాడు. కన్ను చూసే మిషను టెక్కలిలో ఒక చోట ఉందని చెబితే ఆ బస్సే ఎక్కాం. తీరా వెళితే అది పాడైందట, ఎప్పుడు బాగవుతుందో తెలియదట.

తిరుగు బస్సులో చెల్లి కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. నేను ముందు సీటు కమ్మీ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ ఒక్కతే నిబ్బరంగా ఉంది. పిక్కలు ముట్టకుండా ఉంటే పదిహేను రోజుల్లో కొత్త తోలు వచ్చేస్తుంది, అప్పుడు గీతలు కూడా వస్తాయి అంది. నీకెలా తెలుసని అడిగాను.

"మీ ఇద్దరి పురుళ్ళకీ అలగే వొచ్చినాది," అంది.

అంటే ఇన్నేళ్ళలో ఆ చేతులకు సెలవు దొరికింది రెండే రెండు సార్లు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. చెల్లిని చూసి ఏడుస్తున్నానని అమ్మ అనుకుంది, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. ఫ్యాక్టరీలో సెలవు చెప్పించాం. అమ్మను చేతులు ముడుచుకుని కూర్చోబెట్టడమంత కష్టం లోకంలో ఇంకోటి ఉండదని మాకు మొదటి రోజే తెలిసింది. గిన్నెలు తోమకూడదు, కొబ్బరికాయ ఒలవకూడదు, బారువ నుంచి తెప్పించిన ఎండుచేప ఉప్పు తగలకూడదు. వంట నేను చేశాను. నా పులుసు నోట్లో పెట్టుకుని అమ్మ, ఇంజనీరింగులో ఇదొక్కటీ సెప్పనేదా అంది. సాయంత్రం నేను పనినుంచి రాగానే కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఆమె పది వేళ్ళకూ రాసేదాన్ని. గరుకుగా, నున్నగా, పగుళ్ళతో, ఒక్కోటి ఒక్కో రకంగా ఉండేవి. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, అమ్మ చేతిని అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. చక్కిలిగింత పెడతన్నావని ఆమె చెయ్యి లాక్కునేది.

ఆరో రోజు నేను వచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. కాపలా పెట్టిన చెల్లి నిద్రపోతోంది. పక్క వీధిలో ఒకరి పెరట్లో ఇంటి అవసరానికి పిక్కలు కాల్చి కొడుతున్నారు. ఆ గుంపు మధ్యలో పీట వేసుకుని మా అమ్మ. ఊరికే సూత్తన్నాను అంది. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. నేను వీధంతా వినబడేలా అరిచాను. నీ వల్ల దాని సీటు పోతే నువ్వే బాధ్యురాలివి అని కూడా అనేశాను. అమ్మ లేచి, పీట గోడకు ఆనించి, నా పక్కన నడుస్తూ నెమ్మదిగా అంది.

"నువ్వు ఆరేళ్ళు దాసినావు. నాను ఒక్క గంట కూకున్నాను."

ఇంటికెళ్ళాక నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి అమ్మే పిలిచి చెయ్యి చాపింది. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఏ తప్పని ఆమె అడగలేదు. ఆ తర్వాత మళ్ళీ పిక్క జోలికి పోలేదు.

వేలు పండిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆ ఆలోచన చెల్లిది. రేషను డిపోలోనూ వేలిముద్ర మిషనే కదా! మా ఇంట్లో బియ్యానికి ఎప్పుడూ చెల్లే వేలు పెట్టేది, అమ్మ వేలు పడదని ఆ డీలరుకు ఎప్పుడో తెలుసు. ఆ నెల చెల్లి వేలు పెట్టకుండా ఆపి, కొట్టులో బియ్యం కొనుక్కుని, జనం తగ్గాక అమ్మను డిపోకు తీసుకెళ్ళాం. పదో రోజు పడలేదు. పదమూడో రోజు పడలేదు. డీలరు కూడా మా పక్షాన చేరిపోయి, ఈ వైపుకు తిప్పు, కాస్త గట్టిగా నొక్కు, ఊపిరి బిగబట్టకు అని సలహాలు చెప్పేవాడు. పదిహేనో రోజు ఐదోసారి పెట్టినప్పుడు మిషను కూత పెట్టి చీటీ కక్కింది.

అమ్మ ఆ చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్ను గుర్తట్టినాది," అంది. బియ్యం సంచి నేను మోస్తానన్నా ఇవ్వలేదు, తన బియ్యం తనే మోసుకొచ్చింది.

పదిహేడో రోజు బ్యాంకుకు వెళ్ళాం. మరునాటితో ఫీజు గడువు సరి. ఆటోలో అమ్మ కుడి బొటనవేలిని ఎడమ పిడికిట్లో దాచి పెట్టుకుంది, పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు. నేను ఎవరినీ తగలనివ్వకుండా మోచేతులు అడ్డం పెట్టి కూర్చున్నాను. ఆ అబ్బాయి మమ్మల్ని చూడగానే మిషను గాజును తుడిచాడు.

మొదటిసారి ఎరుపు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. రెండోసారీ ఎరుపు. అమ్మోరి పేరెత్తితే ఎగతాళి చేసే మనిషిని నేను. ఆ రెండో ఎరుపు చూసి కళ్ళు మూసుకుని, తల్లీ, ఈసారి పడితే నీకు కోడి, పెట్ట కావాలంటే పెట్ట, పుంజు కావాలంటే పుంజు అని మొక్కేశాను. అమ్మ వేలిని చీర చెంగుతో ఒకసారి తుడిచి, డిపో డీలరు చెప్పినట్టు కాస్త పక్కకు తిప్పి, ఊపిరి వదిలి పెట్టింది.

పచ్చ దీపం.

ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా కాగితానికి ఒకటి, చెల్లి కాగితానికి ఒకటి, రెండుసార్లూ పడింది. చెల్లి ఏడుపూ నవ్వూ కలిపి ఒక వింత చప్పుడు చేసింది. ఫీజు డబ్బు మర్నాటికల్లా కాలేజీకి చేరుతుందని చెప్పి, ఏటా డబ్బు విడుదలయ్యే ముందు ఒకసారి వచ్చి వేలు పెట్టాలమ్మా అన్నాడు. ఇంకెన్నిసార్లని అమ్మ అడిగింది. మూడన్నాడు. అందుకే ఇప్పుడు మా అమ్మ కుడి బొటనవేలికి రబ్బరు తొడుగు వేసి, పైన గుడ్డ పీలిక చుట్టి పిక్కలు కోస్తుంది. ఆ వేలేమైందని తోటివాళ్ళు వేళాకోళం చేస్తే, ఇది నా సిన్న గుంట సదువైన దాకా బ్యాంకుది అంటుంది. నేను నెల నెలా ఐదో తారీఖున వాయిదా కట్టి, ఫోనులో వచ్చిన మెసేజీ ఆమెకు చదివి వినిపిస్తున్నాను. ఇవి మటుకు శుభాకాంక్షలే.

ఆ రోజు బ్యాంకు బయట కొట్టు దగ్గర ముగ్గురం టీ తాగాం. అమ్మ గ్లాసును ఎడం చేత్తో పట్టుకుంది, కుడి చెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది. నేను గొంతు సవరించుకుని, ఇక దేనినీ దాచకూడదనుకున్నాను గనక, లోపల కోడి మొక్కుకున్నానని చెప్పాను. ఆదివారం సంతలో కొంటానన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంకో కోడి ఎందుకే? ఆవిడే కదా మనకి బాకీ. తీర్సీసింది."

టీ ఊదుకుని ఒక గుక్క తాగి, నా వైపు చూసింది.

"ఆవిడా నీలాగే. ఆలీసం సేసింది గానీ, ఎగ్గొట్టనేదు."